మాస్టర్ చదవగలిగే చిట్టీ కావాలి: మా హోటల్‌కి ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న అనుభవం

నెల్లూరులో మాది మధ్యాహ్నం మీల్స్, రాత్రి చేపల పులుసు, బిర్యానీ నడిచే హోటల్. మామయ్య పెట్టింది. ఇప్పుడు వంటిల్లు, సరుకులు మా ఆయన చూసుకుంటారు. కౌంటర్, లెక్కలు నావి. ఏడాదికోసారి డబ్బు కట్టి వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కి మారాం. ఒంగోలులో మెస్ నడుపుతున్న మా చెల్లెలు ఫోన్ చేసిన ప్రతిసారీ దీని గురించే అడుగుతోంది. తనలాగే వెతుక్కుంటున్న వాళ్లు చాలామందే ఉంటారనిపించింది. మేం ఏం చూశాం, ఎందుకు చూశాం, చివరికి ఏది పెట్టుకున్నాం అన్నది ఇక్కడ రాస్తున్నాను.

పాత సాఫ్ట్‌వేర్ మొదట్లో బాగానే ఉండేది. బిల్లు వచ్చేది, రాత్రికి మొత్తం లెక్క వచ్చేది. పోను పోను ఒక్కోదానికి ఒక్కో రేటు మొదలైంది. సప్లయర్ (వడ్డించే మనిషి) చేతికి ట్యాబ్ ఇస్తామంటే దానికి వేరే, వంటింట్లో రెండో ప్రింటర్ అంటే దానికి వేరే. నెట్ పోతే బిల్లు ఆగేది. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పట్టిందంటే మాకు కరెంటు, నెట్ ఎట్లా ఉంటాయో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, వెనకటి అమ్మకాల వివరాలు ఐటెం వారీగా ఎక్సెల్‌లో ఇవ్వమంటే పీడీఎఫ్ మాత్రమే ఇస్తామన్నారు. ఏ నెలలో కొరమేను ఎంత పోయింది, రొయ్యలు ఎంత పోయాయి అన్నది మేం కష్టపడి అమ్మిన లెక్క. అది మా చేతికి రాదంటే మనసొప్పలేదు. వేరేది చూడాలని గట్టిగా అనుకున్నది అప్పుడే.

ఏ సాఫ్ట్‌వేర్ చూసినా బోలెడన్ని ఫీచర్లు చూపిస్తారు. వాటిని పక్కనపెట్టి, మా హోటల్లో రోజూ ఇబ్బంది పెడుతున్నవి ఏవో వాటినే ముందు రాసుకున్నాను.

అన్నిటికంటే పెద్దది వంటింటి చిట్టీ. సప్లయర్ ఆర్డర్ కొట్టగానే వంటింట్లో అచ్చయ్యే కేఓటీ. మా వంట మాస్టర్ చేయి తిరిగిన మనిషి. తెలుగు గడగడా చదువుతాడు, ఇంగ్లీషు రాదు. పాత చిట్టీ ఇంగ్లీషులోనే వచ్చేది కాబట్టి ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఆదివారం మధ్యాహ్నం రష్‌లో చదివి వినిపించే మనిషి ఎక్కడ దొరుకుతాడు? సప్లయర్ కిటికీలోంచి ఒక కేకేసి వెళ్లిపోతాడు, మాస్టర్ గుర్తుపెట్టుకుని చేస్తాడు. వంజరం వేపుడు అడిగిన వాళ్లకి వంజరం పులుసు వెళ్తుంది. అది వెనక్కి వస్తే పారేసినట్టే. “ఆ చీటీ నాకు తెలిసేటట్టు తెప్పించమ్మా, చాలు. మిగతా కంప్యూటర్ యవ్వారమంతా మీరే చూసుకోండి” అన్నాడు. నేను ఆ మాటనే పట్టుకున్నాను. స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా సరే, వంటింట్లో తెలుగు చిట్టీ సరిగా రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మాకు వద్దు.

ఇంకోటి టేబుళ్ల సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లు ఒక టేబుల్‌కి ఒక కుటుంబం కూర్చుంటుంది, ఒక బిల్లు అవుతుంది అనుకుని చేసినవి. మీల్స్ టైంలో మా దగ్గర అట్లా ఉండదు. నలుగురు కూర్చునే టేబుల్ మీద ఒకాయన కోర్టు పనిమీద ఉదయగిరి నుంచి వచ్చినాయన, ఇంకో ఇద్దరు పొగతోటలో ఆస్పత్రికి వచ్చినవాళ్లు, నాలుగో ఆయన రోజూ వచ్చే బ్యాంకు ఉద్యోగి. ఒకరికొకరు తెలియదు. ఒకాయన మీల్స్‌తో లేస్తాడు, ఇంకొకాయన మధ్యలో బొమ్మిడాయిల పులుసు తెప్పించుకుంటాడు. ఎవరి బిల్లు వాళ్లది. టేబుల్‌కి ఒకే బిల్లు అనే సాఫ్ట్‌వేర్ అయితే, చివర్లో విడగొట్టడానికి కౌంటర్ దగ్గర క్యూ పెరిగిపోతుంది.

చేపల రేటు కూడా అంతే. కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే సముద్రం చేపకు రోజుకో ధర. ఉదయం మా ఆయన మార్కెట్ నుంచి వచ్చాక నేను రేటు మార్చుకోగలగాలి. అది సప్లయర్ మార్చకుండా కట్టడి ఉండాలి.

మా అక్క కొడుకు కావలిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు నాతో పాటు కూర్చుని ఒక్కొక్కటీ చూపించాడు. వాడు మొదట చెప్పింది చాలా పనికొచ్చింది: “పిన్నీ, డబ్బు అడగనిదల్లా ఓపెన్ సోర్స్ కాదు.” లాయ్‌వర్స్ లాంటివి డబ్బు కట్టకుండా మొదలుపెట్టుకోవచ్చు, కానీ కోడ్ ఆ కంపెనీదే, డేటా ఉండేదీ వాళ్ల సర్వర్లలోనే. సాంబాపోస్ మూడో వెర్షన్ దాకా ఓపెన్ సోర్స్, తర్వాతవి కావు. కాబట్టి పేరు పక్కన ఏమి రాసుందో కాకుండా లైసెన్స్ ఏమిటో చూడాలి. జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఎంఐటీ అని ఉంటే కోడ్ దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన మెషీన్ మీద పెట్టుకోవచ్చు.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వాటిలో ఒక పాత కుటుంబం ఉంది. టీనాపోస్ అని మొదలైంది లిబ్రెపోస్ అయింది, అది ఓపెన్‌బ్రావో పోస్ అయింది, దాంట్లోంచి యూనిసెంటా, యూనిసెంటాలోంచి క్రోమిస్ వచ్చాయి. ఒకరు ఆపేసిన చోట ఇంకొకరు ఆ కోడ్ తీసుకుని ముందుకు నడిపారన్నమాట. ఇది నాకు చాలా నచ్చిన విషయం. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడితే మన బిల్లింగ్ కూడా దానితోనే పోతుంది. ఇక్కడ కోడ్ మిగిలే ఉంటుంది. అయితే ఏది తీసుకున్నా చివరి రిలీజ్ ఎప్పుడు వచ్చిందో చూసుకోండి. కోడ్ తెరిచి ఉన్నా దాన్ని పట్టించుకునే మనుషులు లేకపోతే లాభం లేదు. రెస్టారెంట్ల కోసమే చేసిన ఫ్లోరియంట్ పోస్ కూడా జావాదే, ఒకే కంప్యూటర్‌తో నడుపుకునే చోటుకి దాని పద్ధతి బాగుంటుంది. ఓపెన్ సోర్స్ పాయింట్ ఆఫ్ సేల్ అనే పేరుతోనే ఇంకోటి ఉంది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది, మన జీఎస్టీ కూడా అందులో ఉంది. అది ఎక్కువగా షాపులకు సరిపోయేది. కిరాణా, ఫ్యాన్సీ వాళ్లు దాన్ని చూడొచ్చు.

చివరికి మా ముందు మిగిలినవి రెండు. ముంబయి కంపెనీ ఫ్రాపే చేసిన ఈఆర్‌పీనెక్స్ట్, బెల్జియంలో పుట్టిన ఓడూ. ఈఆర్‌పీనెక్స్ట్ మన దేశంలో పుట్టింది కాబట్టి జీఎస్టీ పని బాగా చేస్తుంది, దాని మీద రెస్టారెంట్ల కోసం యూఆర్‌వై అని విడిగా కట్టినదీ ఉంది. రెండు మూడు బ్రాంచీలు, కొనుగోళ్లు, జీతాలు అన్నీ ఒకే చోట కావాలనుకునేవాళ్లు తప్పకుండా చూడాల్సింది. మా ఒక్క హోటల్‌కి అంత బరువు అక్కర్లేదనిపించింది. ఓడూ 2005లో టైనీఈఆర్‌పీగా మొదలై, ఓపెన్‌ఈఆర్‌పీ అయి, 2014లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాంట్లో కమ్యూనిటీ, ఎంటర్‌ప్రైజ్ అని రెండున్నాయి. కమ్యూనిటీది ఎల్‌జీపీఎల్ లైసెన్స్, లైసెన్స్ డబ్బు లేదు. అందులో పీఓఎస్ (ఆర్డర్లు, బిల్లులు కొట్టే స్క్రీన్), టేబుళ్ల మ్యాపు, బిల్లు విడగొట్టడం, వంటింటి ప్రింటర్లు ఉన్నాయి. వంటింట్లో స్క్రీన్ మీద ఆర్డర్లు చూపించడం, పూర్తి అకౌంట్స్ లాంటివి ఎంటర్‌ప్రైజ్‌లోనే. మా పుస్తకాలు ఎట్లాగూ ఆడిటర్ గారి ట్యాలీలో ఉంటాయి. స్క్రీన్ కంటే కాగితమే మా మాస్టర్‌కి ఇష్టం. కాబట్టి కమ్యూనిటీ సరిపోతుంది.

అయినా అప్పుడే ఖాయం చేసుకోలేదు. ముందు చిట్టీ రావాలి.

ఇక్కడ కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంగతి మాకు ఎవరూ ముందు చెప్పలేదు. థర్మల్ ప్రింటర్‌కి కంప్యూటర్ రెండు రకాలుగా పని చెప్పొచ్చు. ఒకటి, అక్షరాలనే పంపడం. ప్రింటర్ తన లోపలున్న అక్షరాల పట్టికలోంచి తీసి అచ్చేస్తుంది. ఇది చాలా వేగంగా అయిపోతుంది కాబట్టి ఎక్కువ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఈఎస్‌సీ/పీఓఎస్ అనే ప్రింటర్ ఆజ్ఞలతో ఈ పనే చేస్తాయి. కానీ మనకు బజార్లో దొరికే మామూలు ప్రింటర్ల పట్టికల్లో తెలుగు ఉండదు. తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో వస్తాయి. రెండోది, చిట్టీ మొత్తాన్ని ఒక బొమ్మగా చేసి చుక్కలు చుక్కలుగా పంపడం. అప్పుడు ప్రింటర్‌కి ఏ భాషా తెలియనక్కర్లేదు. కంప్యూటర్‌లో తెలుగు సరిగా కనపడితే కాగితం మీద కూడా సరిగానే పడుతుంది. మేం చూసిన వాటిలో జావాలో రాసిన ఒకదాంట్లో తెలుగు పేర్ల చోట ఖాళీ గళ్లు వచ్చాయి. ఓడూ పీఓఎస్ బ్రౌజర్‌లో నడుస్తుంది. నెట్‌వర్క్‌లో ఉన్న ఎప్సన్ కంపెనీ ఈపోస్ రకం ప్రింటర్లకు అది చిట్టీని బొమ్మగా మార్చే పంపుతుంది. తెలిసినవాళ్ల షాపులోంచి అలాంటి ప్రింటర్ ఒకటి అడిగి తెచ్చి చూశాం. “కొరమేను పులుసు” అని ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీదకు వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది.

కానీ అక్షరాలు చిన్నగా, సన్నగా ఉన్నాయి. ఈ ప్రింటర్లు మిల్లీమీటరుకు 8 చుక్కలే వేస్తాయి. 80 మిల్లీమీటర్ల రోల్ మీద అచ్చు పడేది 72 మిల్లీమీటర్లు, అంటే అడ్డంగా 576 చుక్కలు. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగుకి పైన తలకట్టు, కింద వత్తు, పక్కన కొమ్ము అన్నీ పడాలి. చిన్న సైజులో ప, వ, ష ఒకటిగా కనపడ్డాయి, “బొచ్చె”లో చ వత్తు నల్లటి మచ్చగా మారింది. పులుసా, వేపుడా అన్నది ఆవిరి పట్టిన వంటింట్లో, రెండడుగుల దూరం నుంచి తెలియాలి. మావాడు ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు కొన్ని వేసి చూపించాడు. రామభద్ర బాగా మందంగా ఉంటుంది, పెద్ద సైజులో చూడముచ్చటగా ఉంది గానీ వత్తుల మధ్య ఖాళీ పూడిపోయింది. మండలి ఫాంటు సైజు పెంచి, కొంచెం బోల్డ్ చేసి వేస్తే ప్రతి అక్షరం విడిగా, స్పష్టంగా వచ్చింది. అదే ఉంచాం.

ఆ చిట్టీ తీసుకెళ్లి మాస్టర్‌కి ఇచ్చాం. చేతిలో పట్టుకుని చదివి, “పేరు కంటే ముందర లెక్క ఉండాలమ్మా. ఎన్ని ముక్కలో తెలిస్తే చెయ్యి దాని పని అది చేసుకుంటా ఉంటాది” అన్నాడు. చిట్టీ టెంప్లేట్‌లో (చిట్టీ నమూనాలో) మార్చి అంకెను ముందుకు తెచ్చాం, పెద్దది చేశాం. దాని పక్కన తెలుగు పేరు, కింద చిన్న గీత, గీత కింద “కారం తక్కువ”, “తల ముక్క కావాలి”, “పార్సిల్” లాంటి మాటలు, అన్నిటికంటే కింద టేబుల్ నంబరు, టైము. ఇంగ్లీషు పేరు తీసేశాం. ఐటెం పేరు రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి కస్టమర్ బిల్లులో రెండూ వస్తాయి, వంటింటి చిట్టీలో తెలుగు ఒక్కటే. చైనీస్ కౌంటర్‌లో పనిచేసే ఒడిశా కుర్రాడికి మాత్రం ఇంగ్లీషు పేర్లే అలవాటు. అతని ప్రింటర్‌కి ఇంగ్లీషు పేరు వెళ్లేట్టు పెట్టాం. ఏ రకం ఐటెం ఏ ప్రింటర్‌కి పోవాలో ఓడూలో విడివిడిగా చెప్పుకోవచ్చు.

ఇట్లాంటి మార్పు పాత సాఫ్ట్‌వేర్ వాళ్లను అడిగితే “డెవలప్‌మెంట్ టీంకి చెబుతాం” అనేవాళ్లు, అక్కడితో సరి. ఇక్కడ టెంప్లేట్ మా కళ్లెదుటే ఉంది, మావాడు మా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని మార్చేశాడు. ఓపెన్ సోర్స్ అంటే డబ్బు మిగలడం అనుకునేదాన్ని. నా దృష్టిలో ఇప్పుడు దాని అసలు విలువ ఇదే: మా వంటింటికి ఎట్లా కావాలో అట్లా దిద్దుకోగలగడం.

ప్రింటర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. థర్మల్ కాగితం వేడికే నల్లబడుతుంది, అచ్చు పడే పద్ధతే అది. పొయ్యి పక్కన గుచ్చితే చిట్టీ కొంతసేపటికి నల్లగా అయిపోతుంది. అందుకే కొన్ని పెద్ద వంటిళ్లలో రిబ్బన్‌తో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు పెడతారు. కానీ వాటి మీద తెలుగు బొమ్మ నెమ్మదిగా, గరుకుగా వస్తుంది. మేం థర్మలే ఉంచి, ప్రింటర్‌ని వడ్డించే కిటికీ పక్కన గోడకు బిగించాం. చిట్టీలు గుచ్చే స్టాండు కూడా పొయ్యికి ఎదురు గోడ మీదికి మార్చాం.

ఇక సామాన్ల సంగతి. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొని, దాని మీద ఉబుంటు అనే లైనక్స్, డేటా దాచే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఓడూ పెట్టాం. అది కౌంటర్ కిందే ఉంటుంది. ట్యాబులు, ప్రింటర్లు అన్నీ హోటల్ లోపలి రౌటర్‌కే కలిసి ఉంటాయి కాబట్టి బయట నెట్ పోయినా ఆర్డర్లు, చిట్టీలు, బిల్లులు ఆగవు. వంటింటి ప్రింటర్‌కి వైఫై వద్దు, కేబుల్ లాగించుకోండి. సర్వర్‌కీ రౌటర్‌కీ యూపీఎస్ తప్పనిసరి. సర్వర్‌కి ఒక్కదానికే పెట్టి రౌటర్‌ని వదిలేస్తే కరెంటు పోగానే ట్యాబులన్నీ విడిపోతాయి. అన్నిటికంటే ఎక్కువ డబ్బు అయింది వంటింటి ఎప్సన్ ప్రింటర్‌కే. కౌంటర్ దగ్గర మాత్రం పాత ప్రింటర్‌నే ఉంచాం. క్రోమ్‌లో కియోస్క్ ప్రింటింగ్ పెట్టుకుంటే బటన్ నొక్కగానే ఏమీ అడగకుండా బిల్లు అచ్చయిపోతుంది. సర్వర్‌ని క్లౌడ్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అప్పుడు పీఓఎస్ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో (భద్రమైన లింకులో) ఉంటుంది, హోటల్లోని ప్రింటర్‌తో మాట్లాడటానికి బ్రౌజర్ ఒప్పుకోదు, ప్రింటర్ సర్టిఫికెట్ పని వేరే చేసుకోవాలి. లోపలే పెట్టుకుంటే ఆ తలనొప్పి లేదు.

టేబుళ్ల చిక్కు తేలిగ్గానే తీరింది. ఓడూలో టేబుళ్ల మ్యాపు మనమే గీసుకుంటాం. మేం మీల్స్ హాల్లో ఒక్కో కుర్చీనే ఒక చిన్న టేబుల్‌గా గీశాం. నాలుగో టేబుల్‌లో నాలుగు కుర్చీలు 41, 42, 43, 44. ఉదయగిరి ఆయనది 41, బ్యాంకు ఆయనది 44, ఎవరి బిల్లు వాళ్లకే. పైన ఏసీ హాల్లో కుటుంబాలు వస్తాయి కాబట్టి అక్కడ మామూలు టేబుళ్లే. సప్లయర్లకు ఇది ఒక్క పూటలో అలవాటైంది, ఎందుకంటే వాళ్లు ముందు నుంచీ “నాలుగులో కిటికీ పక్కాయన” అని కుర్చీ లెక్కనే మాట్లాడుకునేవాళ్లు.

ప్రతి సప్లయర్‌కి పిన్ నంబరు ఉంది. రేటు మార్చే హక్కు నాకూ మా ఆయనకే. చందువా లాంటివాటికి చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు రకాలుగా పెట్టుకున్నాం, పొద్దున్నే రేట్లు మార్చి ట్యాబుల్లో పేజీ మళ్లీ తెరిస్తే కొత్త ధర వచ్చేస్తుంది. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. వంటింటికి పోయిన ఐటెంని తర్వాత తీసేస్తే, రద్దయిందని వంటింట్లో ఇంకో చిట్టీ వస్తుంది. మాస్టర్ అప్పటికే ముక్కలు నూనెలో వేసి ఉంటే వెంటనే కిటికీలోంచి చెబుతాడు, అక్కడికక్కడే తేలిపోతుంది. రాత్రి లెక్క దగ్గర వాదనలు లేవు.

జీఎస్టీ గురించి ఆడిటర్ గారు కూర్చుని చెప్పారు, మీరూ మీ ఆడిటర్‌ని పక్కన పెట్టుకునే సెట్టింగులు చేయండి. మాది 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) లేకుండా, బిల్లులో 2.5 సీజీఎస్టీ, 2.5 ఎస్జీఎస్టీ. బిల్లు నంబరు వరుసగా, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా, 16 అక్షరాలు దాటకుండా ఉండాలి. ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలయ్యేట్టు పెట్టాం. స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల మీద జీఎస్టీ 2022 జనవరి 1 నుంచి ఆ యాప్‌లే కడతాయి, మనం కాదు. అందుకే వాటికి విడిగా ఫిస్కల్ పొజిషన్ (ఓడూలో పన్ను మార్చే సెట్టింగు) పెట్టి పన్ను సున్నా చేశాం. రిటర్న్‌లో వాటిని వేరుగా చూపించాలి కాబట్టి నెలాఖరుకి ఆ లెక్క విడిగా ఎక్సెల్‌లో తీసి పంపిస్తాను. మా చెల్లెలు కాంపొజిషన్ స్కీమ్‌లో ఉంది. కోటిన్నర టర్నోవర్ లోపు, మద్యం అమ్మని హోటళ్లకు అది ఉంటుంది. వాళ్లు టర్నోవర్ మీద 5 శాతం సొంతంగా కట్టాలి, కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. కాబట్టి తన సాఫ్ట్‌వేర్‌లో పన్ను వరసే ఉండకూడదు.

కొత్తది పెట్టగానే పాతదాన్ని ఆపేయలేదు. రద్దీ లేని పూటల్లో రెండూ పక్కపక్కన నడిపి, రాత్రి రెండు మొత్తాలూ కలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే పూర్తిగా మారాం. రొట్టెల పండగ వచ్చేసరికి అందరికీ చేయి తిరిగింది. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకి మొహర్రం నెలలో వచ్చే జనం సంగతి తెలిసిందే, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. ఆ రోజుల్లో ఊరంతా పార్సిళ్ల మీదే ఉంటుంది. పార్సిల్‌కి వేరే పీఓఎస్ స్క్రీన్ చేసి, అందులో బిర్యానీలు, పెరుగన్నం, నీళ్ల సీసాలు లాంటి కొద్ది ఐటెంలే ఉంచాం. పెద్ద పెద్ద బటన్లు, టేబుల్ లేదు, చిట్టీ నేరుగా బిర్యానీ కౌంటర్‌కి. పండగ రోజులన్నీ మాస్టర్ కిటికీ దగ్గర ఎవరూ కేకలేయలేదు. మా మామయ్య సాయంత్రం వచ్చి కాసేపు నిలబడి, “వంటిల్లు ఇంత నిమ్మళంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదమ్మా” అన్నారు.

ఖర్చు గురించి సూటిగా చెప్పాలి. లైసెన్స్ డబ్బు లేదు గానీ మనిషి పని ఉంటుంది. మాకు ఇంట్లో పిల్లాడు ఉన్నాడు. లేనివాళ్లు లైనక్స్, ఓడూ తెలిసిన మనిషిని మాట్లాడుకోవాలి, పెట్టినప్పుడు ఒకసారి, తర్వాత అప్పుడప్పుడు. ఓడూకి ఏడాదికో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి మూడేళ్లు సపోర్ట్ ఉంటుంది. వచ్చినదల్లా ఎక్కించుకోనక్కర్లేదు, కానీ మూడేళ్లలోపు ఒకసారి మారడానికి కొంత డబ్బు, కొంత టైము పక్కన పెట్టుకోవాలి. మావాడు చదువవగానే ఉద్యోగానికి ఎక్కడికి వెళ్తాడో తెలియదు. అందుకే సర్వర్ ఎట్లా ఆన్ చేయాలి, ప్రింటర్ ఐపీ ఎంత, చిట్టీ టెంప్లేట్ ఎక్కడుంది, బ్యాకప్ ఎట్లా వెనక్కి ఎక్కించాలి అన్నీ వాడితో తెలుగులో ఒక నోటుబుక్కులో రాయించాను. పాస్‌వర్డులు విడిగా బీరువాలో ఉన్నాయి. బ్యాకప్ రోజూ రాత్రి హోటల్ మూసే ముందు దానంతటదే అవుతుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో. ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్లో ఎక్కించి తెరిచి చూసుకోవడం కూడా అలవాటు చేసుకున్నాం. తెరుచుకుంటుందని కళ్లారా చూస్తేనే నాకు టెన్షన్ ఉండదు.

పొద్దున దోసెలు, ఇడ్లీలు మాత్రమే అమ్మే చిన్న టిఫిన్ సెంటర్‌కి ఇంత అక్కర్లేదు. అక్కడ టోకెన్ మెషీన్ చాలు. వంటిల్లు, హాలు వేరుగా ఉండి, మధ్యలో నలుగురైదుగురు సప్లయర్లు తిరిగే చోట ఇది పనికొస్తుంది.

మాకు ఇంకా మిగిలింది చేపల స్టాక్. బియ్యం, నూనె, పప్పు లెక్క ఓడూలోకి ఎక్కించాం గానీ చేపను ఇంకా ఎక్కించలేదు. కిలో కొంటే తల, పొలుసు, పేగులు పోను వండేది ఎంత మిగులుతుందన్నది కొరమేనుకి ఒక లెక్క, సొరకి ఒక లెక్క, రొయ్యలకి ఇంకో లెక్క. పొద్దున కొన్న తూకం, శుభ్రం చేశాక తూకం రెండూ ఇప్పుడు మా ఆయన రోజూ రాసి పెడుతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉంటుంది, అప్పుడు ఎక్కువగా చెరువు చేపల మీదే నడవాలి. ఆ రోజుల తూకాలు కూడా చేతికొచ్చాక ఒక్కో చేపకి ఒక సగటు కట్టి స్టాక్‌లో పెడతాం.